గుడ్లకే కాదు, మెసేజ్‌కీ తల్లి పరీక్ష కావాలి

రేరింగ్ షెడ్డులోకి చెప్పులతో ఎవర్నీ రానివ్వం. చుట్టమైనా సరే, కాళ్లు చేతులు కడుక్కునే రావాలి. చేతిలో ఫోను విషయంలో మాత్రం ఈ పట్టింపు మనకి లేదు. రంభలో మనం తెలుగూ ఒడియా కలిపి బతికేవాళ్లం. ఏ భాషలో వచ్చిందైనా, సగమే అర్థమైనా, "మనోడే పంపాడు కదా" అని పది మందికి తోసేస్తున్నాం.

ఆ నమ్మకమే మోసగాడికి పెట్టుబడి. పీఎం కిసాన్ డబ్బుల పేరు చెప్పి ఏపీకే ఫైళ్లు తిరుగుతున్నాయి. అది కాగితమూ కాదు, ఫొటో కాదు, ఒక యాప్. ఎక్కించి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే మన ఓటీపీలు అవతలివాడు చదువుకుంటాడు. మన పేరుతోనే మన గ్రూపులకీ పంపుతాడు. అప్పుడు పంపింది "మనోడు" ఎలా అవుతాడు?

పెబ్రిన్ రోగం మనకి తెలిసిందే. గుడ్డు పైకి బాగానే కనిపిస్తుంది, రోగం తల్లి నుంచి వస్తుంది. 1865లో ఫ్రాన్సులో ఈ రోగం మీద పని మొదలెట్టిన లూయీ పాశ్చర్, తల్లి పురుగుని మైక్రోస్కోపు కింద చూసి రోగం లేని గుడ్లే వాడమన్నాడు. మెసేజ్‌కీ అదే పద్ధతి. తెచ్చినవాణ్ణి కాదు, తల్లిని చూడాలి. మొదట ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు?

పోయేది డబ్బొక్కటే కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్‌లో పుకార్లు లేచి, దేశంలో చాలాచోట్ల అమాయకులు జనం చేతిలో చచ్చిపోయారు. గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లకి పంపి, డప్పు కొట్టి పాటలతో చెప్పించారు. ఆ జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లని ఐదు చాట్లకి కుదిస్తామంది.

అందుకే మన గ్రూపుకి ఈ కట్టుబాటు ఉండాలంటున్నాం:

• ఏపీకే ఫైలు ఎవరు పెట్టినా తెరవొద్దు, తీసెయ్యాలి.
• సబ్సిడీ కబురైతే సెరికల్చర్ ఆఫీసులో అడిగాకే పెట్టాలి.
• గూళ్ల ధర పెడితే తేదీ, మార్కెట్ పేరు ఉండాలి. పాత ధర నమ్మి గూళ్లు ఆపుకుంటే రెక్కల పురుగు తొలుచుకుని బయటికొచ్చేస్తుంది.
• చవగ్గా గుడ్లు, చాకీ పురుగులు అమ్ముతామంటే అడ్వాన్సు కంటే ముందు రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి.
• డబ్బు మనకి రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. అడిగితే అది మోసమే.

డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి, బ్యాంకుకీ చెప్పండి. ఎంత ఆలస్యమైతే డబ్బు దొరకడం అంత కష్టం. తర్వాత గ్రూపులోనూ చెప్పండి, ఇంకో ఇల్లు నిలబడుతుంది.