చదరంగానికి ఆడా మగా లేదు

అన్నయ్య అరుగుమీద స్నేహితుడితో చదరంగం ఆడుతూంటాడు. చెల్లెలు వచ్చి, "నేనూ ఆడతానురా, అన్నయ్యా!" అంటుంది. "ఇది నీ ఆట కాదు, పోవే!" అని అన్నయ్య కసురుతాడు. పిల్లలూ, మీ ఇంట్లోనూ ఇలా జరుగుతుందా? అయితే ఈ సంగతి వినండి.

1999లో అహ్మదాబాదులో ఆసియా బాలల చదరంగపు పోటీలు జరిగాయి. ఇటువంటి పోటీలలో ఆడపిల్లలకు వేరే విభాగం ఉంటుంది. కాని మన తెలుగు పిల్ల కోనేరు హంపి 12 ఏళ్ళలోపు మగపిల్లల మధ్య కూర్చుని ఆడింది.

ఆమెకు ఆ అవసరం ఏమిటి? 1997లో 10 ఏళ్ళలోపు, 1998లో 12 ఏళ్ళలోపు బాలికలలో అప్పటికే ఆమె ప్రపంచ విజేత. ఆడపిల్లలతోనే ఆడితే ఆ పేరు పదిలంగా ఉండేది. మగపిల్లల చేతిలో ఓడితే, "చూశారా, ఆడపిల్ల గదా!" అనేవాళ్ళు ఉండనే ఉంటారు.

పోటీలో ముందుగా ఇద్దరూ చేతులు కలుపుతారు. ఆ తరవాత మాటలుండవు. ముట్టుకున్న పావును కదిపి తీరాలి. ప్రతి ఎత్తూ కాగితంమీద రాసుకోవాలి. పక్కన జంట గడియారం ఉంటుంది. ఎత్తు వేసి మీట నొక్కితే మన గడియారం ఆగి, ఎదుటివారిది నడుస్తుంది. ఎవరూ సాయానికి రాకూడదు. బంటుకు గాని, గుర్రానికి గాని తమను కదిపే చెయ్యి ఎవరిదో తెలియదు. ఎత్తు మంచిదా, చెడ్డదా అన్నదే లెక్క.

ఆ విభాగంలో హంపే గెలిచింది!

హంపి 1987లో గుడివాడలో పుట్టింది. తండ్రి అశోక్ కూడా చదరంగం ఆడేవాడే. కూతురికి ఆట నేర్పటానికి ఆయన ఉద్యోగం మానుకున్నాడు. 2002లో, 15 ఏళ్ళ 1 నెల 27 రోజుల వయసులో హంపి గ్రాండ్‌మాస్టరు అయింది. అంత చిన్నతనంలో ఆ బిరుదు పొందిన ఆడపిల్ల అప్పటికి మరొకరు లేరు.

2025 జూలైలో జార్జియా దేశంలోని బతూమి నగరంలో మహిళల ప్రపంచ కప్పు చివరి పోటీ జరిగింది. 38 ఏళ్ళ హంపికి ఎదురుగా 19 ఏళ్ళ నాగపూరు అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్ కూర్చున్నది. మొదటి రెండు ఆటలూ సమానమయ్యాయి. తరవాత ఆడిన వేగపు ఆటలలో దివ్య గెలిచింది. ఆడా మగా ఎంచని బల్ల, చిన్నా పెద్దా కూడా ఎంచదు మరి!

ఈసారి చెల్లెలు వస్తే కాస్త జరిగి చోటివ్వండి. ఆమె చేతిలో ఓడిపోతే? చేయి కలిపి, మీ తప్పు ఎక్కడున్నదో ఆమెనే అడగండి.