నెల తప్పాక కాదు, ముందే షుగర్ చూసుకోవాలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఎక్కడ చూసినా నెల తప్పగానే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పేరు రాసుకుంటుంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. గ్లూకోజ్ నీళ్లు తాగించి, రెండు గంటలాగి రక్తం తీస్తారు. 140, ఆపైన వస్తే షుగర్ ఉన్నట్టే. ఇదంతా మంచిదే. కానీ గర్భం రాకముందే షుగర్ ఉన్న తల్లికి ఈ పరీక్ష ఆలస్యంగా అందుతోంది.

ఎందుకంటే బిడ్డ గుండె, వెన్నెముక, మెదడు రూపుదిద్దుకునేది మొదటి ఎనిమిది వారాల్లోనే. చాలామందికి నెల తప్పిందని తెలిసేసరికే అందులో సగం రోజులు గడిచిపోతాయి. ఆ సమయంలో తల్లి రక్తంలో షుగర్ ఎక్కువుంటే గర్భస్రావం, పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు పెరుగుతుంది.

తర్వాతి నెలల్లో మరో సమస్య. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది, ఇన్సులిన్ మాత్రం చేరదు. దాంతో బిడ్డే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసుకుని లావెక్కుతుంది, కాన్పు కష్టమవుతుంది. బొడ్డుతాడు కోయగానే గ్లూకోజ్ ఆగిపోతుంది, ఇన్సులిన్ ఆగదు. అందుకే పుట్టిన కొన్ని గంటల్లోనే బిడ్డకు షుగర్ పడిపోవచ్చు. 'బొద్దుగా ఉన్నాడు, మాషా అల్లా' అని మనం మురిసిపోయే బిడ్డకే ఒక్కోసారి ఈ ప్రమాదం. తల్లికి కూడా బీపీ పెరగడం, కంటి జబ్బు ముదరడం ఉంటాయి.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. షుగర్, బీపీలను ముందే గుర్తించే జాతీయ కార్యక్రమం ప్రధానంగా 30 ఏళ్లు దాటినవాళ్లను చూస్తుంది. గర్భిణుల కార్యక్రమం నెల తప్పాకే మొదలవుతుంది. మన ఆడపిల్లలు ఎక్కువగా తల్లులయ్యేది ఇరవైల్లో. అంటే ఈ రెండు లెక్కల మధ్య ఖాళీలోనే వాళ్లున్నారు.

ఆ ఖాళీని ఇంట్లోవాళ్లు కూడా పెంచుతున్నారు. సంబంధం చెడిపోతుందని అమ్మాయికి షుగర్ ఉన్న సంగతి దాచేస్తారు. పెళ్లయ్యాక అత్తింట్లో తెలుస్తుందని ఆమె మాత్రలే మానేస్తుంది. రేపు బిడ్డకేమైనా అయితే నింద పడేది ఆ కోడలి మీదే.

నిఖా ఖర్చుల పట్టీలో ఒక రక్తపరీక్ష పెద్ద భారమేం కాదు. షుగర్ ఉందని తేలితే గర్భం ఆలోచన రాగానే డాక్టర్‌ను కలవాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ వీలైతే 6.5 లోపుకి వచ్చాకే గర్భం దాల్చడం మేలు. ఫోలిక్ యాసిడ్ ముందు నుంచే మొదలుపెట్టాలి. కొన్ని బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు మార్చాలి, అయితే ఏదీ సొంతంగా ఆపకూడదు. ఇన్సులిన్ రాస్తే భయపడొద్దు, అది బిడ్డకు హాని చేయదు. పుట్టిన బిడ్డకు షుగర్ చూసే సౌకర్యం, పిల్లల డాక్టర్ ఉన్నచోటే కాన్పుకు ముందుగా మాట్లాడి పెట్టుకోవాలి.

రోజాల విషయం కూడా చెప్పాలి. గర్భిణికి, రోగికి తర్వాత తీర్చుకునే వెసులుబాటు దీన్‌లోనే ఉంది. షుగర్‌తో కడుపుతో ఉన్న కోడలిని రోజా ఉండమని ఒత్తిడి చేయడం సవాబ్ కాదు. 'డాక్టర్‌ను అడిగావా బేటీ?' అని అత్తగారే అడిగితే చాలు, సగం భయం తీరిపోతుంది.