ఫ్లో హైమన్ అడిగిన చట్టం

ఆడపిల్ల కాస్త ఎత్తు పెరిగితే చాలు, “తాటిచెట్టులా ఎదిగింది, దీనికి మొగుణ్ణెక్కడ వెతుకుతాం?” అనే మాట మనమంతా విన్నదే. అమెరికాలో పుట్టిన నల్లజాతి అమ్మాయి ఫ్లో హైమన్ ఎత్తు ఆరడుగుల అయిదంగుళాలు. చిన్నప్పుడు ఆమె కూడా ఆ ఎత్తుకు సిగ్గుపడేది. తల ఎత్తుకుని తిరగమని తల్లి నేర్పింది. ఆ ఎత్తే ఆమెను ప్రపంచంలోని గొప్ప వాలీబాల్ క్రీడాకారిణులలో ఒకరిని చేసింది.

అయితే ఎత్తు ఒక్కటే చాలలేదు. 1972లో అమెరికాలో ‘టైటిల్ నైన్’ చట్టం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా స్త్రీపురుష వివక్ష చూపరాదన్నది దాని సారాంశం. రెండేళ్లకు, 1974లో, హ్యూస్టన్ విశ్వవిద్యాలయం మొదటిసారిగా ఒక మహిళకు క్రీడల స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఆ మహిళ ఫ్లో.

తర్వాత జాతీయ జట్టు. ఏళ్ల తరబడి సాధన చేసి 1980 మాస్కో ఒలింపిక్స్‌కు సిద్ధమైతే, అమెరికా ప్రభుత్వం ఆ క్రీడలను బహిష్కరించింది. ఆడేవాళ్లను అడిగి చేసిన నిర్ణయం కాదది. మరో నాలుగేళ్లు ఆగి, 1984 లాస్ ఏంజిలిస్ క్రీడల్లో ఆమె జట్టు రజతం గెలిచింది.

అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు గ్రోవ్ సిటీ కాలేజీ కేసులో తీర్పు చెప్పింది. నిధులు నేరుగా ఏ విభాగానికి అందితే ఆ విభాగానికే టైటిల్ నైన్ వర్తిస్తుందని దాని సారం. క్రీడా విభాగాలకు నేరుగా కేంద్ర నిధులు రావడం అరుదు. అంటే చట్టంలో ఒక్క అక్షరం మారలేదు, ఆడపిల్లల ఆటలకు మాత్రం రక్షణ పోయింది. ఈ పద్దు వేరు, ఆ పద్దు వేరు అనే వాదన ఆఫీసుల చుట్టూ తిరిగే మనకు కొత్తేమీ కాదు.

పతకం చేతికొచ్చాక ఫ్లో ఊరుకుని ఉండవచ్చు. ఆమెకు కావలసిన స్కాలర్‌షిప్ ఏనాడో అందింది. కానీ ఆమె వాషింగ్టన్ వెళ్లి, పౌరహక్కుల పునరుద్ధరణ చట్టం కోసం వాదించింది. కొరెట్టా స్కాట్ కింగ్, వ్యోమగామి శాలీ రైడ్ వంటివారు అదే కోరారు. సంస్థలో ఏ మూలకు ప్రభుత్వ డబ్బు వచ్చినా సంస్థ మొత్తం వివక్ష లేకుండా నడవాలన్నదే వారు అడిగింది.

ఫ్లో ఆ చట్టాన్ని చూడలేదు. 1986 జనవరి 24న జపాన్‌లోని మత్సుయెలో మ్యాచ్ మధ్యలో బెంచీ మీదికి వచ్చి కూర్చున్న ఆమె, అక్కడే కుప్పకూలి మరణించింది. వయసు 31. గుండెపోటు అన్నారు. శవపరీక్షలో తేలింది వేరు: మార్ఫాన్ సిండ్రోమ్. శరీర కణజాలాన్ని బలహీనపరిచే జన్యు వ్యాధి ఇది. ఇది ఉన్నవారు తరచు పొడవుగా, పొడవాటి చేతులతో ఉంటారు. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఆమెకు చిట్లిపోయింది. ఇన్నేళ్లు ఆ ఎత్తును అందరూ పొగిడారు, దాని వెనుక ఉన్నదాన్ని ఎవరూ పరీక్షించలేదు. ఆమె మరణం తర్వాత సోదరుడికి పరీక్ష చేయిస్తే అదే జబ్బు బయటపడింది. సకాలంలో ఆపరేషన్ జరిగింది.

1988 మార్చిలో బిల్లు రెండు సభలూ దాటి అధ్యక్షుడు రీగన్ వద్దకు వెళ్లింది. ఆయన వీటో చేశాడు. మార్చి 22న సెనేట్ 73–24, ప్రతినిధుల సభ 292–133 ఓట్లతో ఆ వీటోను తోసిపుచ్చి చట్టం చేశాయి.