దానంతట నదియే తగ్గునా?

వానకారు ప్రవేశించినది మొదలు ఈ శీర్షికకు వచ్చు జాబులలో సగము జ్వరములను గూర్చినవే. వానిలో నొక సోదరి యిట్లు వ్రాసినది: "మా చిన్నవానికి మూడు దినములనుండి జ్వరము. డాక్టరుగారు పరీక్షలు చేయించి, ఇది వైరసు జ్వరము, దీనికి వేరుగ మందు లేదు, దానంతట నదియే తగ్గునని చెప్పి పంపిరి. మందు లేకయే తగ్గుటకు రోగమునకు బుద్ధి యున్నదా? ఇరుగుపొరుగువారు సూదిమందు వేయింపుమని బలవంతపెట్టుచున్నారు. ఏమి చేయుదును?"

ఆమె విసుగు న్యాయమైనదే. "దానంతట నదియే తగ్గును" అను వాక్యములో క్రియ యున్నది గాని కర్త కానరాడు. తగ్గించినవా రెవరు అని తల్లి యడుగక మానదు. సోదరీమణులారా, అట్టి జ్వరము ఊరక తగ్గదు. బిడ్డ దేహములో రేయింబవళ్ళు యుద్ధము జరిగి, శత్రువు ఓడినందున తగ్గును. ఆ యుద్ధమున మొదటి గడియలనుండి పోరు సేనకు సహజరక్షణ యని పేరు. అది పుట్టుకతోనే మనకు వచ్చినది.

ముందు శత్రువు నెరుగవలయును. బాక్టీరియాలను, వైరసులను మనము క్రిములని యొకే మాటతో పిలుచుచున్నాము గాని రెంటికిని చాల భేదము గలదు. బాక్టీరియా తన సంసారము తనకు గల జీవి. దానికి గోడ యున్నది, వంటయిల్లున్నది. పెనిసిలిన్ వంటి యాంటీబయాటిక్ మందులు ఆ గోడను కట్టుకొననీయవు. మరికొన్ని ఆ వంటయింటిని చెరచును. వైరసునకు గోడయు లేదు, వంటయిల్లును లేదు. అదియొక వ్రాతచీటి, దానికి చుట్టిన పొర, అంతియే. ఇన్‌ఫ్లుయెంజా వైరసులను పదివేలు ప్రక్కప్రక్కన పేర్చినచో ఇంచుమించు ఒక మిల్లీమీటరు పొడవగును. మన దేహము కణములను అతిసూక్ష్మమైన గదుల సముదాయము గదా. అట్టి గదిలో దూరి, మన పొయ్యిమీద, మన బియ్యముతో, తన వంట చేయించుకొని, అనేక రెట్లై బయటపడుట వైరసు స్వభావము. గోడలు కూల్చు మందు గోడయే లేనిదాని నేమి చేయగలదు? పొరుగువారు చెప్పు సూదిమందు యాంటీబయాటిక్ అయినచో, ఈ జ్వరమున దానికి పని లేదు.

ఇక చిక్కు ప్రశ్న. మన వంటయింట మన పాత్రలతోనే వండుచున్నపుడు అది పరుల వంట యని తెలియు టెట్లు? సుందరకాండ పారాయణము చేయువారికి లంకిణి జ్ఞాపకముండును. చీకటివేళ చిన్న రూపముతో లోనికి పోబోయిన హనుమంతుని ఆమె నిలిపినది. ఆయనను మునుపు చూచి యెరుగదు. ఈ యూరివాడు కాడని మాత్రము కనిపెట్టినది. మన ప్రథమసేన సరిగా నిట్టిదే. వచ్చినది ఏ వైరసో దానికి పేరు తెలియదు; మన యింటి తీరు కానిదని తెలియును. ఇట్లు తీరును బట్టి గుర్తించు కావలివారు దేహములో నుండితీరవలయునని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునందలి చార్లెస్ జేన్‌వే 1989లో ఊహించి చెప్పెను. అప్పటికి వారిని చూచినవారు లేరు.

ఆ తీరు లెట్టివో వినుడు. కణము నడుమ కేంద్రకమను గది గలదు. డి.ఎన్.ఏ. అను మూలగ్రంథ మందు భద్రముగ నుండును. నిత్యము కావలసిన వంటల విధము మాత్రము ఆర్.ఎన్.ఏ. అను చీటీలపై నకలు తీసి బయటికి పంపుదురు. అట్లు పంపు ప్రతి చీటీ మొదటను ఒక చిన్న టోపీ తొడిగి పంపుట మన కణముల ఆచారము. పెక్కు వైరసుల చీటీలకు ఆ టోపీ యుండదు. మొదలు బోసిగ నుండును. రిగ్-ఐ యను కావలివాడు ఆ బోసితలను తడిమి పట్టుకొనును. రెండవ గుర్తు: మన చీటీ ఒంటిపేట గొలుసు వంటిది. వైరసు తన చీటీకి నకలు తీయునపుడు రెండు పేటలు పెనవేసికొని పొడవైన గొలుసగును. అంత పొడుగు రెండుపేటల ఆర్.ఎన్.ఏ. మన కణములలో సాధారణముగ నుండదు. మూడవది చోటును బట్టిన గుర్తు. ఇనుపపెట్టెలో నుండవలసిన నగ పెరటిలో కనబడినచో అది మన నగయే యైనను గుండె ఝల్లుమనదా? అట్లే కేంద్రకములో నుండవలసిన డి.ఎన్.ఏ. బయటి గదిలో కనబడిన తోడనే కణము కేకవేయును. ఆటలమ్మ వైరసు వంటివి డి.ఎన్.ఏ. గలవి, అట్టివి ఇట్లు పట్టుబడును.

జేన్‌వే ఊహించిన కావలివారి జాడ మొదట దొరికినది, నవ్వకుడు, అరటిపండ్లపై ముసురు చిన్న యీగలో. టోల్ అను పేరుగల జన్యువు ఆ యీగ పిండములో వీపేది, కడుపేది యని నిర్ణయించునని ముందే తెలియును. ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బూర్గు నగరమందలి జూల్స్ హాఫ్‌మన్ బృందమువారు 1996లో, ఆ టోల్ చెడిన యీగలు బూజుపట్టి చచ్చుచున్నవని కనుగొనిరి. రెండేండ్లకు అమెరికాలో బ్రూస్ బ్యూట్లర్ ఎలుకలలో అట్టిదానినే చూపెను. పిమ్మట మనుష్యులలోను ఆ కుటుంబమువారు పదిమంది కలరని తేలినది. పైన చెప్పిన రెండుపేటల గొలుసును పట్టునది వారిలో నొకటి. హాఫ్‌మన్, బ్యూట్లర్ గారలకు 2011లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. పండ్లబుట్టపై ఈగలను తోలునపుడు నాకిది తరచు జ్ఞాపకము వచ్చును. తోలుట మాత్రము మానను.

శత్రువును కనిపెట్టిన కణ మేమి చేయును? చాలవరకు దాని బ్రతుకు అప్పటికే ముగిసినట్లు. కాని అది ఊరక చావదు. పల్లెలలో తాటాకిండ్ల వరుసలో ఒక కప్పునకు నిప్పంటుకొన్నపుడు ఆ యింటివారు పెట్టు కేక చెవినిబడిన తోడనే ఇరుగుపొరుగువారు తమ కప్పులపై నీళ్ళు కుమ్మరించుకొందురు. కాలిన యిల్లు దక్కదు, వాడ దక్కును. కణము పెట్టు అట్టి కేకయే ఇంటర్‌ఫెరాన్. 1957లో లండను నగరమున అలిక్ ఐజక్స్, జీన్ లిండెన్‌మన్ అనువారు దీనిని కనుగొనిరి. కోడిగ్రుడ్డు లోపలి పొరల ముక్కలను, వేడిచేత చంపిన ఇన్‌ఫ్లుయెంజా వైరసుతో కలిపి యుంచి, పిదప ఆ ద్రవమును క్రొత్త పొరలపై పోసి చూడగా, సజీవమైన వైరసు వానిపై పెరుగలేకపోయెను. చచ్చిన వైరసును చూచిన పొర యేదో యొక పదార్థమును వెలువరించినదని, అదియే క్రొత్త పొరలను కాచినదని వారు గ్రహించిరి. చాలకాలము దీనిని నమ్మనివారే యెక్కువ.

ఆ కేక విన్న పొరుగుకణములు వందలకొలది జన్యువులను మేల్కొలుపును. ఒకటి పొయ్యి నార్పివేయును. ఒకటి కనబడిన ఆర్.ఎన్.ఏ. చీటీల నెల్ల చింపివేయును. తమ వంటయు ఆగిపోవును, తాము పస్తుండును. అయినను వైరసు వచ్చుసరికి వండుటకు నిప్పు లేదు. పస్తుండి శత్రువును పస్తుంచుట! ఇల్లు నడుపువారికి ఈ యుక్తి విప్పి చెప్పనక్కర లేదు.

ఇంకొక భటుడు గలడు. వానికి సహజసంహారి కణమని పేరు. మన కణములు తాము లోపల వండుచున్న వంటలో కొంచెము కొంచెము వాకిట తెచ్చి చూపుట నియమము. రెండవసేన యగు టి-కణములు ఆ నమూనా చూచి దొంగ నెరుగును. అందుచేత కొన్ని వైరసులు ఆ నమూనాలే వాకిటికి రాకుండ జేయును. కాని తెల్లవారి జామెక్కినను వాకిట ముగ్గు పడని యింటిని జూచి వీధివారేమనుకొందురు? లోపల నేదో కీడు జరిగినదని తలుపు తట్టరా? సంహారి కణము చేయునదియు నంతే. ముగ్గు లేని వాకిలి కనబడిన చాలును, లోనికి పోయి ఆ కణమును కడతేర్చును. స్వీడను దేశీయుడు క్లాస్ కేరె 1980ల నడుమ ఈ సంగతి నిరూపించెను. పట్టణములలో మేడగదులకు వాకిళ్ళే లేవు, నీ యుపమానము చెల్లదని మావారు ఆక్షేపించుచున్నారు. ముగ్గు పెట్టువారికే వ్రాయుచున్నానని బదులు చెప్పితిని.

ఇపుడు జ్వరము మాట. ఇది వైరసు పని యని మన తలంపు. కాని శత్రువును చూచిన కణములు పంపు రసాయనవార్తలు రక్తముద్వారా మెదడును చేరగా, అచటి ఉష్ణనియామక స్థానము తన కొలతను తానే పైకి జరుపుకొనును. క్రొత్త కొలతకు దేహమింకను చేరలేదు గనుకనే ఒళ్ళు కాలుచున్నను బిడ్డ చలియని వణకును. దీనికొక నిదర్శనము గలదు. కాలేయమును చెరచు హెపటైటిస్-సి వ్యాధికి మంచి మాత్రలు వచ్చుటకు మునుపు, 1990లనుండి ఇరువదియేండ్లకు పైగా ఇంటర్‌ఫెరాన్‌నే సూదిమందుగ నిచ్చెడివారు. పుచ్చుకొన్నవారికి చలి, జ్వరము, ఒళ్ళునొప్పులు, నీరసము — అచ్చముగ ఇన్‌ఫ్లుయెంజాయే! ఇన్‌ఫ్లుయెంజా వైరసు మాత్రము లేదు. అనగా మనము వైరసు జ్వరమని పిలుచు బాధలో పెద్దపాలు మన కావలివారి కోలాహలమే. జలుబు తెచ్చు రైనోవైరసు ముక్కులోని 33 డిగ్రీల చల్లదనమున వృద్ధియగునంతగ 37 డిగ్రీలలో కాజాలదు. వేడికి ప్రయోజనము లేకపోలేదు.

కనుక పారాసిటమాల్ ఇచ్చినపుడు మనము వైరసును కొట్టుట లేదు. కావలివారి సందడిని కొంత తగ్గించుచున్నాము. అది తప్పు గాదు. బిడ్డ బాధపడుచున్నచో డాక్టరు చెప్పిన తూకమున ఇయ్యవలయును. ఆడుకొనుచు నీళ్ళు త్రాగుచున్న బిడ్డను, థర్మామీటరులోని యంకె నచ్చలేదని, లేపి మింగించుట యనావశ్యకము. లంఖణము పరమౌషధమను మాటను పసిపిల్లలకు పట్టింపకుడు. యుద్ధమునకు పైకము కావలయును. వేడి ఒక్కొక్క డిగ్రీ పెరిగినకొలది దేహవ్యయము నూటికి పదివంతులో, ఆ పైనో పెరుగును. గంజి, పలుచని మజ్జిగ, పప్పుకట్టు అన్నము అడిగినంత పెట్టుడు.

ఈ సేన లోపించినవా రేమగుదురో 2020లో లోకము చూచినది. కోవిడ్ వలన ప్రాణాపాయస్థితికి చేరిన 987 మందిని పరీక్షింపగా, 101 మంది రక్తములో తమ ఇంటర్‌ఫెరాన్‌నే నిర్వీర్యము చేయు ప్రతిరక్షకములు కనబడినవి. వారిలో 95 మంది పురుషులు. కేక పెట్టువాని నోరు నొక్కినట్లయి వాడ కాలిపోయినది. మరికొందరిలో కేక ఆలస్యమై, పిదప కోలాహలము మితిమీరి, ఊపిరితిత్తులు స్వజనుల చేతనే దెబ్బతినెను.

కావలివారి కన్నుగప్పుట మేలునకును వచ్చినది. హంగరీ దేశమున పుట్టిన కాటలిన్ కారికో అను విదుషీమణి 1985లో భర్తతోను రెండేండ్ల కూతురితోను అమెరికాకు పోయెను. కారమ్మిన సొమ్ము, సుమారు 900 పౌనులు, బిడ్డ ఆడుకొను ఎలుగుబంటి బొమ్మలో కుట్టి తీసికొనిపోయిరట. కృత్రిమముగ చేసిన ఆర్.ఎన్.ఏ. చీటీతో దేహమునకు కావలసిన మందును దేహముచేతనే చేయింపవలయునని యామె సంకల్పము. చీటీ లోనికి పోగానే టోల్ కావలివారు మేల్కొని రచ్చచేయుచుండిరి. 1995లో ఆమె పదవి తగ్గించిరి. ఆమె పని మానలేదు. 2005లో డ్రూ వైస్‌మన్ గారితో గూడి, చీటీలోని ఒక యక్షరమును కొంచెము మార్చి వ్రాసినచో కావలివారు ఊరకుందురని చూపెను. విరాటుని కొలువున పాండవులవలె ఆ చీటీ గుర్తింపబడక మెలగి తన పని నెరవేర్చినది. 2020లో వచ్చిన ఆర్.ఎన్.ఏ. టీకాలకు ఆధార మదియే. (మన దేశమున హెచ్చుగ వేసినవి వేరు రకము టీకాలు.) 2023లో వారిరువురికి నోబెల్ బహుమానము వచ్చినది.

జాబు వ్రాసిన సోదరికి కడపటి మాటలు. యాంటీబయాటిక్ కావలయునని మీరు డాక్టరును నిర్బంధింపకుడు. బాక్టీరియా తోడైనదని ఆయనయే చెప్పినచో మానకుడు. ఇన్‌ఫ్లుయెంజా గాని, ఆటలమ్మ గాని యున్న పిల్లలకు ఆస్పిరిన్ తగదు. మెదడును కాలేయమును దెబ్బతీయు రై వ్యాధి రావచ్చును. డెంగీ యను అనుమాన మున్నపుడు ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ రెండును కూడవు, రక్తస్రావము హెచ్చును. మూడు నెలలు నిండని శిశువునకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరము వచ్చినను వెంటనే వైద్యునికి చూపవలయును. ఇంకొకటి: డెంగీలో అపాయసమయము జ్వరము మండునపుడు గాదు, మూడవనాటినుండి ఏడవనాటి లోపల అది దిగునపుడు. ఒళ్ళు చల్లబడినదని సంతసించు ఆ దినమే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుండి గాని ముక్కునుండి గాని రక్తము, మూత్రము తగ్గుట, మగత, తబ్బిబ్బు — వీనిలో నేది కనబడినను తెల్లవారుదాక ఆగక ఆసుపత్రికి తీసికొనిపొండు.

రెండవసేన విషయము, టీకాల సంగతి వచ్చు మాసమున వ్రాసెదను.