అక్క కథ ఎవరు రాస్తారు?

కాలక్షేపం నవలే కదా అని తీసిపారేయబోయి ఆగాను. డెబీ మకాంబర్ 2004లో రాసిన ‘ద షాప్ ఆన్ బ్లాసమ్ స్ట్రీట్’లో లిడియా రెండుసార్లు క్యాన్సర్‌ను గెలిచి, సియాటిల్‌లో ఊలు దారాల కొట్టు పెడుతుంది. పార్సిళ్లు తెచ్చే బ్రాడ్‌ను ప్రేమిస్తుంది. అయినా కొట్టు ఆమెదే. ఇది నాకు నచ్చింది. మన సీరియల్ నవలల్లో పెళ్లి కుదరగానే ఎందరు నాయికల ఉద్యోగాలు మాయమయ్యాయో!

మరి అక్క మార్గరెట్? తల్లిదండ్రులు చెల్లెలి జబ్బు చుట్టూ తిరిగిన ఏళ్లలో ఆమెను పట్టించుకున్నదెవరు? ఆ బాధ పాఠకులకు మొదట గయ్యాళితనంగానే కనిపిస్తుంది. అమ్మ మంచానపడ్డప్పుడు మా ఇంట్లో చదువు మానేసింది అక్క, డాక్టరేట్ నాది. ఆమె విసుక్కున్నప్పుడల్లా నేనూ గయ్యాళి అనే అన్నాను.