బొగ్గు సొమ్ములో రేపటి వాటా

దసరా దగ్గర పడుతోందంటే కోల్‌బెల్టులో ఎవరి నోట విన్నా ఒకటే మాట: ఈ ఏడు లాభాల వాటా ఎంత శాతం? గోలేటి నుంచి మందమర్రి దాకా, శ్రీరాంపూర్ నుంచి గోదావరిఖని దాకా అదే లెక్క. 2024లో సింగరేణి కార్మికులకు 33 శాతం ప్రకటించారు. అది కార్మికుడు చెమటోడ్చి సంపాదించుకున్న హక్కు. అందులో ఒక్క రూపాయి తగ్గినా గట్టిగా అడగాల్సిందే. అయితే ఈ బొగ్గులో వాటా ఉన్నవాళ్లు ఇంకొందరున్నారు. బొగ్గంతా తవ్వుకుపోయాక ఇదే నేల మీద బతకాల్సిన పిల్లలు వాళ్లు. వాళ్ల వాటా ఎంతని ఏ దసరాకూ ఎవరూ అడగడం లేదు. ఈ వారం నేను అడుగుతున్నది అదే.

ఈ ప్రశ్న ఎంత అవసరమో తెలియాలంటే బహ్రెయిన్ అనే చిన్న దీవి దేశం కథ వినాలి. ఉత్తర తెలంగాణకు అది ముక్కూ మొహం తెలియని చోటు కాదు. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిర్మల్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయిన వేలాది మందిలో ఎందరో అక్కడ దిగినవాళ్లే. అక్కడ భవనాలు కట్టిన చేతుల్లో, వీధులు ఊడ్చిన చేతుల్లో మనవాళ్ల చేతులున్నాయి. వాళ్లు పంపిన పైసలతో ఇక్కడ అప్పులు తీరాయి, ఇళ్లు లేచాయి, ఆడపిల్లల పెళ్లిళ్లయ్యాయి. ఆ జీతాలిచ్చిన దేశానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఇప్పుడెలా ఉంది అన్నది మాత్రం మనం పెద్దగా పట్టించుకోలేదు.

బహ్రెయిన్ విస్తీర్ణం సుమారు 780 చదరపు కిలోమీటర్లు. మన కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఆరో వంతు. చమురు దొరక్క ముందు ఆ దీవి ముత్యాల మీద బతికింది. హైదరాబాద్ బజార్లలో బస్రా ముత్యాలని పేరుపడ్డవి ఆ గల్ఫ్ సముద్రం నుంచి వచ్చినవే. 1920ల చివర జపాన్ పెంపుడు ముత్యాలు ప్రపంచ మార్కెట్‌ను ముంచెత్తాయి. వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. ముత్యాల వేటకు మునిగే వాళ్లు పని లేక, చేసిన అప్పు తీరక రోడ్డున పడ్డారు. అదే సమయంలో, 1932 జూన్‌లో, జెబెల్ దుఖాన్ కొండ దగ్గర వేసిన బావిలో నూనె పడింది. గల్ఫ్‌లో అరబ్బు దేశాల వైపు దొరికిన మొదటి చమురు అది. 1934లో ఎగుమతి మొదలైంది. 1936లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది.

మన దగ్గర అప్పుడేం జరుగుతోందో గుర్తు చేసుకోండి. 1920ల చివర బెల్లంపల్లి ప్రాంతంలో బొగ్గు బాయిలు మొదలయ్యాయి. 1938లో నిజాం కాలంలో సిర్పూర్ పేపర్ మిల్లుకు పునాది పడింది, 1942లో కాగితం తయారైంది. దాంతోనే మా ఊరికి కాగజ్‌నగర్ అన్న పేరు వచ్చింది. అంటే ఆ దీవికీ ఈ గడ్డకూ భూమిలోని సంపదతో కొత్త బతుకు మొదలైంది దాదాపు ఒకే కాలంలో. ఆ తర్వాత ఎవరు ఏం చేశారన్నదే మనం చూడాల్సింది.

బహ్రెయిన్ చమురు క్షేత్రం పెద్దది కాదు. 1970 ప్రాంతంలో రోజుకు 75 వేల పీపాలు దాటిన ఉత్పత్తి తర్వాతి మూడు దశాబ్దాల్లో సగానికి పడిపోయింది. ఇప్పుడు ఆ దేశానికి వచ్చే ముడిచమురులో ఎక్కువ భాగం సౌదీతో కలిసి పంచుకునే అబూ సఫా అనే సముద్ర క్షేత్రం నుంచి వస్తోంది. దాన్ని నడిపేది సౌదీ అరాంకో. శుద్ధి కర్మాగారంలో పోసే చమురులోనూ అధిక భాగం సౌదీ నుంచి పైపులో వచ్చేదే. 2018లో తీరం దగ్గర భారీగా షేల్ చమురు ఉందని ప్రకటించారు. కానీ రాతి పొరల్లో ఇరుక్కున్న ఆ చమురును గిట్టుబాటు ధరకు పైకి తీయడం అంత తేలిక కాదు.

అక్కడి పాలకులను ఒక విషయంలో మెచ్చుకోవాలి. నూనె త్వరగా అయిపోతుందని వాళ్లు ముందే తెలుసుకున్నారు. తమ సహజవాయువుతో కరెంటు పుట్టించి, ఆ కరెంటుతో అల్యూమినియం కరిగించే ఆల్బా కర్మాగారాన్ని 1971లోనే మొదలుపెట్టారు. ఈ రోజు అది ఏటా 16 లక్షల టన్నులు తీస్తూ ప్రపంచంలోని పెద్ద కర్మాగారాల్లో ఒకటిగా నిలిచింది. 1975లో లెబనాన్ అంతర్యుద్ధంతో బీరూట్ విడిచిపెట్టిన బ్యాంకులకు చోటిచ్చి, మనామాను ఆ ప్రాంతపు బ్యాంకింగ్ కేంద్రంగా మార్చారు. వాయువుతో నడిచే ఎరువుల కర్మాగారం 1980లలో వచ్చింది. చేతిలో డబ్బున్నప్పుడే, బావుల్లో నూనె ఉన్నప్పుడే ఇంకో పని నేర్చుకున్నారు.

వాళ్లు ఆలస్యం చేసిందల్లా పొదుపు విషయంలో. భవిష్యత్ తరాల నిధిని 2006లో గానీ పెట్టలేదు, అంటే నూనె పడ్డ 74 ఏళ్లకు. పీపా ధర 40 డాలర్లు దాటితే పీపాకు ఒక్క డాలర్ ఆ నిధిలో వేయాలన్నది అప్పుడు పెట్టిన నిబంధన. ధర వంద డాలర్లకు పోయినా ఆ నిబంధన ప్రకారం ఆ తరాలకు దక్కింది అదే ఒక్క డాలర్. కోవిడ్ వచ్చిన 2020లో అందులోంచి 45 కోట్ల డాలర్లు ఖర్చులకు తీశారు. 2014 తర్వాత చమురు ధర కూలినప్పుడు ప్రభుత్వం అప్పుల్లో కూరుకుపోయింది. 2016లో పెట్రోలు ధరలు పెంచింది. 2018లో సౌదీ, కువైట్, యూఏఈలు వెయ్యి కోట్ల డాలర్ల సాయంతో ఆదుకోవాల్సి వచ్చింది. 2019లో 5 శాతంతో మొదలైన వ్యాట్ 2022కల్లా 10 శాతమైంది. ఇలాంటి బిగింపు వచ్చినప్పుడు దెబ్బ మొదట తగిలేది కాంట్రాక్టు కూలీకి. కొత్త ప్రాజెక్టు ఆగితే వీసా ఆగుతుంది, వీసా ఆగితే జగిత్యాల దగ్గర ఒక ఇంట్లో కిస్తీ ఆగుతుంది.

పొదుపును చట్టంగా రాసుకున్న దేశం సంగతీ చూద్దాం. కరీబియన్ సముద్రంలో ట్రినిడాడ్ అండ్ టొబాగో ఉంది. ఒప్పంద కూలీలుగా ఓడలెక్కిన భారతీయుల సంతతి ఎక్కువగా ఉన్న దేశమది. అక్కడా చమురు, వాయువే ఆధారం. వందేళ్లు దాటిన పాయింట్ ఎ పియెర్ శుద్ధి కర్మాగారాన్ని 2018లో మూసేశారు, వేల మంది ఉద్యోగాలు పోయాయి. 1999లో ఎంతో గొప్పగా మొదలైన ఎల్‌ఎన్‌జీ కర్మాగారంలో మొదటి యూనిట్ 2020 చివరి నుంచి వాయువు లేక ఆగిపోయింది. కానీ ఆ దేశం 2007లో చట్టం చేసి వారసత్వ, స్థిరీకరణ నిధి పెట్టుకుంది. చమురు రాబడి బడ్జెట్ అంచనాను మించితే ఆ మిగులులో పెద్ద వాటా నిధిలోకి పోవాలి. ఎంత తీయవచ్చో, ఎప్పుడు తీయవచ్చో చట్టంలోనే రాశారు. ఆ నిధిలో ఇప్పుడు 500 కోట్ల డాలర్లకు పైగా ఉంది. కష్టకాలంలో ఆ దేశానికి కాస్త ఊపిరి ఆడుతోందంటే దానివల్లే.

ఇక మన సంగతి. ఒక్క ఆధారం మీద బతికే ఊరు ఆ ఆధారం పోతే ఏమవుతుందో కాగజ్‌నగర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2014లో పేపర్ మిల్లు ఆగింది. 2018లో జేకే పేపర్ తీసుకునేదాకా నాలుగేళ్లు సైరన్ మోగలేదు. దుకాణాల్లో ఖాతాలు ఆగిపోయాయి, పిల్లల ఫీజులు ఆగిపోయాయి, కార్మికులు పని వెతుక్కుంటూ ఊళ్లు పట్టిపోయారు. మిల్లు మళ్లీ తెరుచుకుంది, మంచిదే. మిల్లును మళ్లీ నడపవచ్చు. కానీ బొగ్గు అయిపోయిన గనిని ఏ కొత్త యజమాని వచ్చినా నడపలేడు. బెల్లంపల్లిలో ఒక్కో బాయి మూతపడుతూ వచ్చినప్పుడు ఆ ఊరి బజారు ఎలా చిన్నబోయిందో పాతవాళ్లను అడిగితే చెబుతారు.

బొగ్గు ఇంకా ఉన్నచోటా ఉద్యోగాలు మిగల్లేదు. 1990-91లో సింగరేణి తీసిన బొగ్గు సుమారు 1.8 కోట్ల టన్నులు, అప్పుడు కార్మికులు లక్షా పది వేలకు పైనే. 2023-24లో తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు, కార్మికులు సుమారు 40 వేలు. బాయిల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి, మనిషి స్థానంలో షావెల్, డంపర్ వచ్చాయి. బొగ్గు నాలుగింతలైంది, కొలువు మూడో వంతుకు పడింది. అంటే ఈ నేల ముందుకంటే వేగంగా ఖాళీ అవుతోంది, ఈ నేల మీది మనిషికి ముందుకంటే తక్కువ దక్కుతోంది. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో 1200 మెగావాట్ల థర్మల్ కేంద్రం, సోలార్ ప్లాంట్లు పెట్టి సింగరేణి కొత్త దారి వెతుక్కుంటోంది. కంపెనీకి అది అవసరమే. కానీ సోలార్ పలకల మధ్య వేల మందికి పని దొరకదు.

మరి ఈ పిల్లల వాటా ఎక్కడుంది? కాగితం మీద ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గనుల జిల్లాకు జిల్లా ఖనిజ నిధి ట్రస్టు పెట్టారు. బొగ్గు మీద రాయల్టీ 14 శాతం. పాత లీజులైతే రాయల్టీకి అదనంగా, దానిలో 30 శాతానికి సమానమైన సొమ్ము ఈ ట్రస్టుకు కట్టాలి. వంద రూపాయల బొగ్గు అమ్మితే 14 రూపాయలు రాయల్టీ, 4 రూపాయల 20 పైసలు ట్రస్టుకు. ఆ డబ్బు గనుల వల్ల దెబ్బతిన్న పల్లెలకు ఖర్చు కావాలి. అదే ఏడాది కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇంకో మాట కూడా ఉంది: ఏటా వచ్చే సొమ్ములో తగినంత మొత్తాన్ని శాశ్వత జీవనోపాధి కోసం మూలనిధిగా దాచాలి. బహ్రెయిన్‌కు 74 ఏళ్లకు తట్టిన ఆలోచన మనకు రాసిపెట్టి ఉంది. దాన్ని అమలు చేయించుకునే పనే మనకు మిగిలింది.

రెండోది గని మూసివేత నిధి. 2009 నుంచి ప్రతి బొగ్గు గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలి. అప్పటి ధరల్లో ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష చొప్పున లెక్కగట్టారు. మూసివేత సొమ్మును కంపెనీ ఏటా వేరే పనికి వాడుకోలేని ఎస్క్రో ఖాతాలో జమ చేయాలి. మట్టి గుట్టలు చదును చేయడం, గోతులు పూడ్చడం, చెట్లు పెంచడం, నీళ్లు శుభ్రం చేయడం ఆ డబ్బుతో జరగాలి. ఏ గనికి ఎంత జమైంది, ఎంత పని జరిగింది అన్న లెక్క ఆ పల్లె సర్పంచు చేతిలో ఉండాలి.

ఇప్పుడే రోడ్డు లేదు, వాగు మీద వంతెన లేదు, తాగునీళ్లు లేవు, మళ్లీ దాచడం ఏమిటని తిర్యాణి గూడెంలో ఒక గోండు తల్లి అడిగితే ఆమెకు కోపం వచ్చే హక్కుంది. ఆమె వాటా ఆమెకు ముందు దక్కాలి, దానికి అడ్డుపడే మాట నేనెన్నడూ అనను. నిధులు ఇతర నియోజకవర్గాలకు, అవసరం లేని భవనాలకు, రంగులకు మళ్లకుండా ఉంటే నేటి అవసరానికీ రేపటి నిధికీ రెండింటికీ సరిపోతాయి. భూమిలోని బొగ్గును అమ్మిన డబ్బు పంట డబ్బు లాంటిది కాదు, మళ్లీ ఏడాదికి చేతికి రాదు. దాన్నంతా ఏ ఏటికా ఏడు ఖర్చు పెట్టడమంటే విత్తనాల వడ్లు దంచి వండుకు తినడమే.

అందుకే మూడు కోరికలు. ఒకటి, ఆసిఫాబాద్, మంచిర్యాల జిల్లాల ట్రస్టుల్లో ఏటా ఎంత శాతం మూలనిధికి పోవాలో ముందే తేల్చి రాసిపెట్టాలి. అసలును ఎవరూ ముట్టకుండా, వడ్డీ మాత్రమే పిల్లల చదువులకూ కొత్త ఉపాధికీ వాడేలా కట్టుదిట్టం చేయాలి. రెండు, గని మూతపడే తేదీకి కనీసం పదేళ్ల ముందే ఆ ప్రాంతానికి ఏ పని రాబోతోందో ప్రణాళిక ప్రకటించాలి. బహ్రెయిన్ నూనె ఉండగానే ఆల్బా పెట్టింది, మనం బొగ్గు ఉండగానే పెట్టాలి. మూడు, ట్రస్టు లెక్కలు, ఎస్క్రో లెక్కలు తెలుగులో, పంచాయతీ గోడ మీద, అందరికీ కనపడేలా రాయాలి.

ఇవి కలెక్టరేట్‌లో వాటంతటవే జరగవు. కార్మిక సంఘాల నాయకులకు నా విన్నపం: వచ్చే దసరాకు లాభాల వాటా అడిగే వేదిక మీదే మూలనిధి ఎంతని కూడా అడగండి. గ్రామసభలో కూర్చునే ప్రతి తల్లీ తండ్రీ అదే ప్రశ్న వేయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఆ లెక్క తెలుసుకోవడం మన హక్కు, అడగడం మన పిల్లల పట్ల మన బాధ్యత.