ఓడిన ఓడల కథ కూడా చెబుదాం

వర్జీనియా బడుల్లో చదివిన మన పిల్లల్ని అడగండి. మానిటర్, మెరిమాక్ అనే రెండు ఇనప ఓడల యుద్ధం గురించి గడగడా అప్పజెబుతారు. 1862 మార్చి 9న హాంప్టన్ రోడ్స్‌లో జరిగింది, ఎవరూ గెలవలేదు, దాంతో కొయ్య ఓడల కాలం చెల్లిపోయింది. పరీక్షకు అంతే చాలు. కానీ ఆ కథను ఒకరోజు ముందునుంచి మొదలుపెట్టి చెప్పాలని, అదీ మన తెలుగు బడిలో తెలుగులో చెప్పాలని నా అభిప్రాయం.

హాంప్టన్ రోడ్స్ అంటే రోడ్డు కాదు. జేమ్స్ నది చెసపీక్ అఖాతంలో కలవబోయే ముందు ఓడలు లంగరు వేసుకునే విశాలమైన రేవు. మార్చి 8, శనివారం మధ్యాహ్నం అక్కడికి వర్జీనియా అనే ఓడ వచ్చింది. మెరిమాక్ అంటే అదే. 1861 ఏప్రిల్‌లో యూనియన్ వాళ్ళు తగలబెట్టి, ముంచి వెళ్ళిపోయిన ఓడను దక్షిణాదివాళ్ళు పైకి తీసి, రెండడుగుల మందం కొయ్య మీద నాలుగంగుళాల ఇనుము తొడిగి, కొత్త పేరు పెట్టారు. ఆ ఇనప పలకలు రిచ్‌మండ్‌లోని ట్రెడెగర్ కార్ఖానాలో తయారయ్యాయి. అక్కడ చెమటోడ్చిన వాళ్ళలో బానిసలూ ఉన్నారు. ఈ మాట పిల్లలకు తప్పక చెప్పాలి.

ఎదురుగా కంబర్లాండ్, కాంగ్రెస్ అనే రెండు కొయ్య ఓడలు. రెండూ తెరచాపలతో నడిచేవే. ఆ రోజు గాలి సరిగా లేదు, కదలడానికి దారి లేదు. కంబర్లాండ్ పేల్చిన గుండ్లు ఆ ఇనప పెంకుకు తగిలి జారిపోయాయి. వర్జీనియా వచ్చి తన ఇనప ముక్కుతో దాని పొట్టలో పొడిచింది. ఓడ మునుగుతోంది, కింది అంతస్తులోకి నీళ్ళొస్తున్నాయి, అయినా పైవాళ్ళు ఫిరంగులు పేలుస్తూనే ఉన్నారు. లొంగిపోలేదు. నూట ఇరవై మంది దాకా పోయారు. ఓడ అడుక్కి చేరాక కూడా స్తంభం మీద జెండా నీటిపైన ఎగురుతూనే ఉందట.

కాంగ్రెస్ నిప్పంటుకుని కాలిపోయింది. వర్జీనియాకు నాయకుడు ఫ్రాంక్లిన్ బుకానన్. అతని సొంత అన్నదమ్ముడు కాంగ్రెస్ మీద జీతాలు పంచే అధికారిగా ఉన్నాడు! అదృష్టవశాత్తూ ఆయన బతికాడు. భారతం విన్న మన పిల్లలకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

మర్నాడు జరిగింది అందరికీ తెలిసిందే. జాన్ ఎరిక్సన్ కట్టిన మానిటర్ రాత్రికి రాత్రి వచ్చి చేరింది. రెండు ఇనప ఓడలూ నాలుగు గంటలు కొట్టుకున్నాయి. మానిటర్ నాయకుడు వర్డెన్ కళ్ళకు దెబ్బ తగిలింది గానీ, ఆ ఓడలో ఒక్క ప్రాణం పోలేదు. పుస్తకాల్లోకి పెద్ద అక్షరాలతో ఎక్కింది ఈ రోజే. 1992లో తెరిచిన వంతెన-సొరంగానికి కూడా మానిటర్-మెరిమాక్ అనే పేరు పెట్టారు. మనం దానిమీదుగా కార్లలో పోతూ ఉంటాం. కంబర్లాండ్ పేరు అంతగా తగలదు.

"అమెరికా చరిత్ర అమెరికా బడిలో చెబుతారుగా, మనకెందుకండీ" అని కొందరు తల్లిదండ్రులు అంటారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. వారానికి రెండు గంటలే దొరుకుతాయి, గుణింతాలకే చాలవు. అయితే పిల్లలు పుట్టి పెరిగిన ఊరి సంగతి చెప్పడానికి తెలుగు పనికిరాకపోతే, ఆ తెలుగు "అన్నం తిన్నావా, స్నానం చేశావా" దగ్గరే ఆగిపోతుంది. పదిహేనేళ్ళొచ్చేసరికి ఆ మాత్రం మాటలతో వాళ్ళకు పనుండదు.

ఇంకో లాభం కూడా ఉంది. ఇంగ్లీషులో బట్టీ పట్టిన వాక్యం తెలుగులోకి అలాగే రాదు. "యుద్ధం డ్రా అయింది" అంటే క్రికెట్ మ్యాచిలా ఉంటుంది. దేనికి దేనితో సమం అయింది అని ఆలోచించాలి. ఇనప ఓడ అంటే అంతా ఇనుమేనా, కొయ్య మీద తొడిగిన ఇనుమా అని చెప్పుకోవాలి. కొయ్య ఓడవాళ్ళు పారిపోలేదెందుకు అనే ప్రశ్న వస్తుంది. అప్పుడు గాలి సంగతి చెప్పవచ్చు, లొంగకపోవడం సంగతీ చెప్పవచ్చు. వాళ్ళు చేసింది ధైర్యమా, మొండితనమా అని పిల్లలు వాదించుకుంటే మరీ మంచిది. నా మటుకు నాకు అది ధైర్యమే.

మానిటర్ కూడా అదే ఏడాది డిసెంబరు 31న తుఫానులో మునిగింది, పదహారుమంది పోయారు. 2002లో సముద్రంలోంచి తీసిన దాని ఫిరంగుల గది న్యూపోర్ట్ న్యూస్‌లోని మారినర్స్ మ్యూజియంలో ఉంది. సెలవుల్లో తీసుకెళ్ళేవాళ్ళు అది చూపించాక, జేమ్స్ నది ఒడ్డుకి కూడా తీసుకెళ్ళండి. కంబర్లాండ్ ఆ నీళ్ళ కిందే ఉంది.

వచ్చే మార్చి 8కి దగ్గరగా వచ్చే వారాంతంలో ఒక్క క్లాసు దీనికి కేటాయించమని కమిటీవారిని కోరుతున్నాను. ఓడల బొమ్మలు వేసే పని పెద్దపిల్లలకు అప్పగించవచ్చు.